మోవర్ బ్లేడు బోల్టు: విప్పడానికి ఏ పానా, బిగించడానికి ఏ పానా?

జూన్‌లో నాలుగు వానలు పడితే చాలు, మన దగ్గర గడ్డి మోకాలెత్తు లేస్తుంది. నల్లగొండ బత్తాయి తోటల్లో, కొల్లాపూర్ మామిడి తోటల్లో, ఊరవతల ఫంక్షన్ హాళ్ల లాన్లలో, కాలేజీ ఆవరణల్లో గడ్డి కోసే మిషన్లు అప్పుడు మొదలైతే దసరా దాటేదాకా ఆగవు. మన చెల్క నేలల్లో మొరం, గులకరాళ్లు ఎక్కువ. బ్లేడు పదును తొందరగా పోతుంది. సాన పట్టాలంటే బ్లేడు ఊడదీయాలి, బ్లేడు ఊడాలంటే నడిమి బోల్టు విప్పాలి. తిప్పలన్నీ ఆ ఒక్క బోల్టు దగ్గరే మొదలవుతాయి.

దీనికి ఏ పానా కొనాలని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఒకే పనిముట్టుతో రెండు పనులూ అయిపోవాలని చూస్తారు. నేనైతే అట్లా కొనొద్దనే చెబుతాను. విప్పేటప్పుడు కావలసింది బలం. బిగించేటప్పుడు కావలసింది కొలత. బలం కోసం కొన్నదానితో బిగిస్తే మర తెగుతుంది, లేకపోతే వచ్చే ఏడాది అదే బోల్టు మీ చేతికి లొంగదు. కొలత కోసం కొన్నదానితో విప్పితే ఆ కొలతే చెడిపోతుంది.

ఇంత జాగ్రత్త దేనికంటే, 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొస గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంత వేగంలో ఉన్న ఇనుప పట్టీని పట్టి ఉంచేది ఆ ఒక్క బోల్టు. కొన్ని మిషన్లకైతే రెండు ఉంటాయి.

ముందు దిక్కు తెలుసుకోవాలి

బోల్టు ఎటు తిప్పితే ఊడుతుందో తెలియకుండా బలం పెట్టడం వల్ల పాడైన బోల్టులు ఎన్నో. మామూలుగా తోసుకుంటూ నడిచే మోవర్లకు అన్ని నట్లకు ఉండే మరే ఉంటుంది. కింది నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే ఊడుతుంది. భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్లకు చాలావరకు ఎడమ మర. అది గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పితే ఊడుతుంది. ఇంట్లో రెండు మిషన్లూ ఉన్నవాళ్లు ఇక్కడే పొరబడతారు.

రెండింటికీ పనికొచ్చే గుర్తు ఒకటి ఉంది. పని చేసేటప్పుడు బ్లేడు ఏ వైపుకు తిరుగుతుందో, బోల్టును కూడా ఆ వైపుకే తిప్పితే వదులవుతుంది. కారణం తేలికే. గడ్డి తగిలినప్పుడల్లా బ్లేడును వెనక్కి నెడుతుంది. ఆ తోపుడు బోల్టును విప్పే దిక్కుకు ఉంటే పని మధ్యలోనే బ్లేడు ఊడిపోతుంది. అందుకే ఆ తోపుడుకు బోల్టు ఇంకా బిగుసుకునేటట్టు మరను పెడతారు. మీరు మామూలుగా బిగించిన బోల్టు సీజన్ చివరికి రాయిలా మారడానికి జంగుతో పాటు ఇదీ కారణమే. రాయికి తగిలిన ప్రతిసారీ అది ఇంకొంచెం బిగుస్తుంది.

తిరిగే దిక్కు ఎట్లా తెలుస్తుందంటారా, బ్లేడులో పదునున్న అంచు ముందుకు పోయే దిక్కే అది. బ్రష్ కట్టర్ బ్లేడుకు రెండు వైపులా పదును ఉంటే ఈ గుర్తు పనిచేయదు. అప్పుడు గేర్ హెడ్ (బ్లేడు పైనుండే గేర్ల పెట్టె) మీదో, గార్డు మీదో ఉండే బాణం గుర్తు చూడాలి. ఎక్కడో ఒక మోడల్ దీనికి భిన్నంగా ఉండొచ్చు కాబట్టి మిషన్‌తో వచ్చిన పుస్తకం ఉంటే ఒకసారి తిరగేయండి.

పానా పెట్టకముందే స్పార్క్ ప్లగ్ తొడుగు పీకి పక్కకు పెట్టాలి. కరెంటు మోవరైతే ప్లగ్గు, బ్యాటరీదైతే బ్యాటరీ తీసేయాలి. ఇంజిన్ ఆగి ఉందన్న నమ్మకంతో ఈ పని వదిలేయొద్దు. చేత్తో బ్లేడు తిప్పితే ఇంజిన్ కూడా తిరుగుతుంది, ఒక్కసారి అంటుకుంటే వేళ్లు పోతాయి. పెట్రోలు ఖాళీ చేసి, ఎయిర్ ఫిల్టరు, కార్బ్యురేటరు పైకి ఉండేటట్టు మిషన్‌ను పడుకోబెట్టండి. వేరే వైపు పడుకోబెడితే ఇంజిన్ ఆయిల్ ఎయిర్ ఫిల్టరులోకి దిగి, తర్వాత స్టార్ట్ కాక టెన్షన్ పెడుతుంది. చేతులకు మందపాటి తోలు గ్లవ్స్ తప్పనిసరి.

విప్పడానికి ఏది?

స్క్రూ పానా, అంటే నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే పానా, ఈ పనికి అసలు వద్దు. దాని దవడలు ఎంత బిగించినా కొంచెం ఆడుతూనే ఉంటాయి. గట్టి బోల్టు మీద ఒక్కసారి జారిందంటే తల మూలలు గుండ్రమైపోతాయి. ఆ తర్వాత ఏ పానాకూ అది పట్టు ఇవ్వదు. రెండు నోళ్ల ఓపెన్ పానా కొంత నయమే కానీ, అదీ రెండు ముఖాలనే పట్టుకుంటుంది.

రింగు పానా మంచిది. దానికంటే మంచిది బోల్టు తల మీద టోపీలా కూర్చునే ఆరు మూలల సాకెట్, దానికో పొడుగు పిడి. సాకెట్లలో పన్నెండు మూలలవి కూడా వస్తాయి. చూడడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ జంగు పట్టిన తల మీద ఆరు మూలలదే గట్టిగా పట్టుకుంటుంది. సైజు విషయంలో మాత్రం జాగ్రత్త. అమెరికా ఇంజిన్లున్న మోవర్లకు బోల్టు తలలు అంగుళాల లెక్కలో ఉంటాయి. 5/8 అంగుళం తలకు 16 మిల్లీమీటర్ల సాకెట్ సరిపోతుంది, తేడా మిల్లీమీటరులో ఎనిమిదో వంతే. 9/16 అంగుళం అంటే 14.3 మిల్లీమీటర్లు. దాని మీద 14 ఎక్కదు, 15 వదులుగా ఆడుతుంది. ఆ వదులు సాకెట్‌తోనే తల పాడుచేసుకుంటారు చాలామంది. ఊళ్లో అంగుళాల సాకెట్ దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయినప్పుడు ఒక్క పీస్ కొనుక్కొచ్చుకోండి. సెట్టు మొత్తం అక్కర్లేదు.

పిడి పొడవు ఎంత ఉంటే అంత సుఖం. 30 సెంటీమీటర్ల పిడితో చెమటలు పట్టించే బోల్టు 60 సెంటీమీటర్ల పిడికి సగం బలంతోనే కదులుతుంది. చాలామంది పానాకు ఇనుప పైపు తొడుగుతారు. విప్పడానికైతే అది తప్పు కాదు, పైపు జారకుండా బిగువుగా కూర్చుంటే చాలు. కటకటమంటూ ఒక వైపే పట్టుకుని తిప్పే రాట్చెట్ పిడికి మాత్రం పైపు తొడగొద్దు, లోపలి పళ్లు విరుగుతాయి.

ఇక ఇంపాక్ట్ గన్. బ్యాటరీతో నడిచేవి ఇప్పుడు అందరి చేతుల్లో కనిపిస్తున్నాయి. దీనికో పెద్ద సుగుణం ఉంది. గన్ ఒకే ధాటిగా తిప్పదు, చిన్న చిన్న దెబ్బలుగా కొడుతుంది. బ్లేడు బరువే ఆ దెబ్బలకు ఎదురు నిలబడుతుంది కాబట్టి బ్లేడును గట్టిగా ఆపాల్సిన పని పెద్దగా ఉండదు. జంగు పట్టిన మరను ఆ దెబ్బలే వదులు చేస్తాయి. ఐదారు మిషన్లు చూసుకునే కాలేజీ వాళ్లకు, లాన్ కాంట్రాక్టు పట్టేవాళ్లకు ఇది కొనదగ్గదే. సాకెట్ మాత్రం ఇంపాక్ట్ కోసం చేసిన నల్లదే వాడాలి. మెరిసే మామూలు సాకెట్ దెబ్బలకు పగిలి ముక్కలు కళ్లలో పడొచ్చు. ఇంట్లో ఒక్క మోవరుండి, ఏడాదికి రెండు మూడుసార్లు బ్లేడు తీసేవాళ్లకు గన్ ఖర్చు దండగ. ఆ డబ్బుతో మంచి సాకెట్, పొడుగు పిడి, బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచ్ ఒకటి వచ్చేస్తాయి.

హైవే మీద టైర్ల షాపులో గాలి గన్ ఉంది కదా, జడ్చర్ల దగ్గరో నార్కట్‌పల్లి దగ్గరో ఆగి విప్పించుకుందాం అనుకునేవాళ్లు కూడా ఉంటారు. కారు టైర్ల గన్‌తో విప్పించుకోవచ్చు. లారీ టైర్లు విప్పే పెద్ద గన్ మాత్రం ఈ చిన్న బోల్టు మీద పెట్టనివ్వొద్దు. బోల్టు తల తెగి మర లోపలే మిగిలిపోతే అప్పుడు పని లేత్ షాపుకు చేరుతుంది.

జంగు ఎక్కువుంటే ముందురోజు సాయంత్రమే జంగు వదిలించే స్ప్రే కొట్టి తెల్లారేదాకా వదిలేయండి. బోరు నీళ్లతో స్ప్రింక్లర్లు నడిచే లాన్లలో బోల్టు చుట్టూ తెల్లటి పొర గట్టిగా పేరుకుంటుంది. దాన్ని వైర్ బ్రష్‌తో గీకి తీశాకే స్ప్రే కొట్టాలి, లేకపోతే నూనె మరదాకా దిగదు. గ్యాస్ మంటతో వేడి చేయడం ఇంట్లో చేసే పని కాదు. పెట్రోలు ఆవిరి ఒక ప్రమాదమైతే, బోల్టు పక్కనే ఉండే ఆయిల్ సీల్ ఆ వేడికి కాలిపోయి ఇంజిన్ ఆయిల్ కారడం ఇంకొక నష్టం. తల గుండ్రమైపోయి ఉంటే ఇక మీరు ప్రయోగాలు చేయొద్దు. మెకానిక్ దాని మీద ఇంకో నట్టును వెల్డింగ్ చేసి తిప్పుతాడు. ఆ పనికి పంపేముందు ట్యాంకు ఖాళీ చేశారో లేదో రెండోసారి చూసుకోండి.

బ్లేడును ఆపేది ఎట్లా?

చెక్క ముక్కదే మొదటి మాట. గట్టి చెక్కను బ్లేడు కొసకూ, బ్లేడు మీద కప్పులా ఉండే డెక్కు లోపలి గోడకూ నడుమ ఇరికిస్తే బ్లేడు ఆగిపోతుంది. విప్పేటప్పుడు ఒక వైపు, బిగించేటప్పుడు దానికి ఎదురు వైపు పెట్టాలి. డెక్కుకు బ్లేడు ఆపే బిగింపులు కూడా అమ్ముతారు. అవీ మంచివే కానీ చెక్కతో పని జరుగుతున్నప్పుడు అవసరం లేదు. బ్యాటరీ మోవర్లలో కొన్నింటికి ప్లాస్టిక్ డెక్కు, ప్లాస్టిక్ ఫ్యాను ఉంటాయి. వాటికి చెక్క ఇరికించి బలం పెడితే పగుళ్లు వస్తాయి. పిన్ను దూర్చే రంధ్రం ఉంటే అదే వాడాలి.

స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలోంచి తాడు దూర్చి పిస్టన్‌ను ఆపే పద్ధతి కొందరు చెబుతారు. నేను దాని జోలికి పోవద్దంటాను. తాడు వాల్వు కింద ఇరుక్కుంటే వాల్వు వంగుతుంది. చెక్క ముక్కతో పోయేదానికి ఇంజిన్‌ను పణం పెట్టడం దేనికి? ఇంజిన్ పైన తిరిగే చక్రం (ఫ్లైవీల్) రెక్కల్లో స్క్రూడ్రైవర్ దూర్చి ఆపడం ఇంకా చెడ్డది, ఆ రెక్కలు పుటుక్కున విరుగుతాయి.

బిగించడానికి ఏది?

అసలు ఎంపిక ఇక్కడ ఉంది. "గట్టిగా బిగించినన్నా, ఇక ఊడదు" అని షాపులో ఎవరైనా అంటే ఎంత గట్టిగా అని అడగండి. ఇంజిన్ మోవర్లలో ఎక్కువ వాటికి బోల్టు బిగింపు 50 నుంచి 70 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) మధ్యలో ఉంటుంది. ఉదాహరణకు హోండా తోపుడు మోవర్లలో రెండు బోల్టుల మోడళ్లకు 49 నుంచి 59. కూర్చుని నడిపే పెద్ద మోవర్లకు ఇంకా ఎక్కువ. మీ మిషన్ పుస్తకంలో ఏముందో అదే లెక్క, పక్కవాళ్ల మిషన్ అంకె కాదు.

70 కిలోల మనిషి 60 సెంటీమీటర్ల పైపు కొస మీద నిలబడితే 400 న్యూటన్ మీటర్లు దాటుతుంది. కావలసిన దానికి ఆరు నుంచి ఎనిమిది రెట్లు. విప్పడానికి పైపు వాడొచ్చన్న నేనే బిగించడానికి వద్దనేది ఇందుకే. ఇంపాక్ట్ గన్‌దీ ఇదే కథ. 300 న్యూటన్ మీటర్ల పైన ఇచ్చే గన్‌లు మామూలైపోయాయి. ట్రిగ్గర్ మీద వేలు ఒక్క సెకను ఎక్కువ ఉంటే బోల్టు సాగిపోతుంది. సాగిన బోల్టు చూడడానికి బాగానే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. గన్‌తో బిగించడం వద్దు, అంతే.

వదులుగా ఉన్నా అంతే ప్రమాదం. రాయి తగిలినప్పుడు బ్లేడు జారి, బ్లేడును ఇంజిన్ ఇరుసుకు కలిపే అడాప్టరు చెవులు అరుగుతాయి, మిషన్ వణుకుతుంది. ఆ వణుకుకు బోల్టు ఒక్కో రోజు ఇంకొంచెం వదులవుతూ పోతుంది.

టార్క్ రెంచ్ ఉంటే దానికి మించింది లేదు. టక్ మని శబ్దం చేసే రకం చాలు. అంకె పెట్టుకుని నెమ్మదిగా లాగాలి, టక్ మనగానే ఆపాలి. రెండోసారి, మూడోసారి లాగి చూసుకోవడం అలవాటు చేసుకోవద్దు, లాగిన ప్రతిసారీ కొంత ఎక్కువ బిగుస్తుంది. కొనేటప్పుడు దాని హద్దులు చూడండి. 28 నుంచి 210 దాకా చూపేది మోవరుకూ కారు చక్రాలకూ రెండింటికీ పనికొస్తుంది. పని అయ్యాక అంకెను అన్నిటికంటే తక్కువకు తిప్పి పెట్టండి, లోపలి స్ప్రింగు అలసిపోకుండా ఉంటుంది. దాంతో ఎప్పుడూ బోల్టు విప్పొద్దు.

టార్క్ రెంచ్ కొనలేమనేవాళ్లకు నేను గట్టిగా చెప్పే దారి ఒకటుంది. పత్తి మూటలు, వడ్ల సంచులు తూచే కొక్కెం కాంటా మన ఊళ్లలో ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది. 25 కిలోల దాకా చూపే చిన్నదైతే ఇంకా మంచిది. రింగు పానా పిడి కొసకు ఆ కొక్కెం తగిలించి, కాంటాను పిడికి సరిగ్గా అడ్డంగా, అంటే మూలమట్టం కోణంలో లాగాలి. ఎన్ని కిలోలు లాగాలో లెక్క సులువు. పుస్తకంలోని న్యూటన్ మీటర్ల అంకెను 10తో గుణించి, బోల్టు నడుమ నుంచి కొక్కెం దాకా ఉన్న పొడవును సెంటీమీటర్లలో కొలిచి దాంతో భాగించాలి. 54 న్యూటన్ మీటర్లు కావాలి, పానా 30 సెంటీమీటర్లు ఉంది అనుకుందాం. 540ని 30తో భాగిస్తే 18 కిలోలు. కాంటా 18 చూపగానే వదిలేయాలి. ఈ లెక్కలో రెండు శాతం తేడా ఉంటుంది, దానివల్ల నష్టమేమీ లేదు. కోణం తప్పితే మాత్రం తేడా పెరుగుతుంది. ఒకరు కాంటా లాగుతుంటే ఇంకొకరు పక్క నుంచి కోణం చూడడం మంచిది.

టార్క్ రెంచూ లేక, కాంటా కూడా దొరకకపోతే, 30 సెంటీమీటర్లకు మించని పానాతో, పైపు లేకుండా, ఒక్క చేత్తో గట్టిగా లాగి ఆపండి. ఇది మూడో దారి మాత్రమే. దీన్ని నమ్ముకుని రోజూ అద్దెకు తిరిగే మిషన్ నడపొద్దు. అద్దె మిషన్ ముందు వేరేవాళ్ల పిల్లలు, పశువులు ఉంటాయి.

ఏ దారిలో బిగించినా మర శుభ్రంగా, పొడిగా ఉండాలి. విప్పేటప్పుడు కొట్టిన స్ప్రే, నూనె, గ్రీజు అంతా గుడ్డతో తుడిచేయాలి. మర నూనెగా ఉంటే రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు లోపల చాలా ఎక్కువ బిగుస్తుంది. పుస్తకంలో నూనె పూయమని రాసి ఉంటే తప్ప పూయొద్దు. బ్లేడు రెక్కలు వంగిన వైపు డెక్కు లోపలికి, అంటే మిషన్ నిలబెట్టినప్పుడు పైకి ఉండాలి. తలకిందులుగా వేస్తే గడ్డి తెగదు, నలుగుతుంది. గిన్నెలా కొంచెం వంగిన స్ప్రింగు వాషర్ ఉంటే, గుంట ఉన్న వైపు బ్లేడు మీద ఆనాలి, ఉబ్బు బోల్టు తల వైపు ఉండాలి.

పాత బోల్టు వేయాలా, కొత్తదా అనే దాంట్లో నేను కొత్తదాని వైపే. తల మూలలు అరిగినా, మర మీద జంగు గుంటలు పడినా, వాషర్ చదునైపోయినా మార్చాల్సిందే. హార్డ్‌వేర్ షాపులో అదే పొడవు, అదే లావు ఉన్న బోల్టు దొరికిందని తెచ్చి వేయొద్దు. మామూలు బోల్టు తల మీద 4.6 అని ఉంటుంది, గట్టి రకానికి 8.8 లేదా 10.9 అని ఉంటుంది. అంగుళాల రకమైతే తల మీద మూడు గీతలుంటే ఒక స్థాయి, ఆరు గీతలుంటే అంతకు మించిన గట్టి రకం. పాతదాని తల మీద ఏ గుర్తు ఉందో అదే తేవాలి. అంతకంటే మిషన్ కంపెనీ బోల్టు తెప్పించుకోవడమే మేలు.

ఎవరికి ఏది?

ఇంటి ముందు చిన్న లాన్ ఉన్నవాళ్లకు: సరైన సైజు ఆరు మూలల సాకెట్ ఒకటి, పొడుగు పిడి, చెక్క ముక్క, కొక్కెం కాంటా. తోట ఐదారు ఎకరాలుండి సీజనంతా మిషన్ నడిపేవాళ్లు టార్క్ రెంచ్ కొనాలి. వాళ్లకు అది గిట్టుబాటవుతుంది. ఎక్కువ మిషన్లున్న సంస్థలకు విప్పడానికి ఇంపాక్ట్ గన్, బిగించడానికి టార్క్ రెంచ్, రెండూ కావాలి. ఒకటే కొనే డబ్బుంటే టార్క్ రెంచే ముందు. పట్టు దొరకని బోల్టు ఎవరిదైనా మెకానిక్ దగ్గరికే.

బ్రష్ కట్టరు ఉన్నవాళ్లకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. మిషన్‌తో వచ్చిన చిన్న పానా, గేర్ హెడ్ రంధ్రంలో దూర్చే పిన్ను చాలు. ఆ పానా పొట్టిగా ఉండడమే మంచిది, ఎక్కువ బిగించకుండా ఉంటారు, దానికి పైపు తొడగొద్దు. లోపల నైలాన్ ఉన్న నట్టైతే, చేతివేళ్లతోనే చివరిదాకా ఎక్కుతున్నప్పుడు దాని పని అయిపోయినట్టే, కొత్తది వేయండి.

బ్లేడు మార్చాక అరగంట గడ్డి కోసి, మిషన్ ఆపి, ప్లగ్ తొడుగు మళ్లీ పీకి, బోల్టు బిగింపు ఒకసారి చూసుకోవాలి. నడుస్తుండగా బ్లేడు రాయికి గట్టిగా తగిలితే ఆ రోజుకు బోల్టు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. బ్లేడు వంగకుండా తిన్నగా ఉందా, అడాప్టరును ఇరుసుకు పట్టి ఉంచే మెత్తటి లోహపు కీ తెగిందా, క్రాంక్ షాఫ్ట్ (బ్లేడును తిప్పే ఇంజిన్ ఇరుసు) కొస అటూ ఇటూ ఊగుతోందా అని చూసి గానీ మళ్లీ స్టార్ట్ చేయొద్దు. షాఫ్ట్ వంగిన మిషన్‌కు ఎంత సరిగ్గా బిగించిన బోల్టైనా నిలవదు.